కత్తికి వంటింట్లో చోటెక్కడ?

సాన పట్టించి నెల తిరగలేదు, అప్పుడే టమాటా మీద కత్తి జారుతోంది. తొక్క తెగడం లేదు, కాయ నలిగి రసం కారుతోంది. ఎందుకిలా? ఎవరైనా ముందు సాన పట్టినవాణ్ని అనుమానిస్తారు, తర్వాత కత్తి అమ్మిన కొట్టును తప్పుబడతారు. కత్తి కోసేటప్పుడే అరుగుతుందని అందరి నమ్మకం. ఆ అరుగుదల ఉన్నదే. కానీ రోజు మొత్తంలో కత్తి పనిచేసేది ఏ అరగంటో గంటో. మిగిలిన ఇరవై మూడు గంటలూ అది ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది. పదును పోవడంలో ఆ చోటుకు పెద్ద వాటా ఉంది. వేళ్లు తెగడంలోనూ ఉంది.

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, 2022 ఏప్రిల్లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన జగ్గయ్యపేట, నందిగామ వైపు, వంటిళ్లు నేల మీద నుంచి గట్టు మీదకు ఎక్కి ఎంతో కాలం కాలేదు. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. కత్తిపీట ముందు కూర్చుని తరిగే పని చాలా ఇళ్లలో నిలబడి చాకుతో తరిగే పనయింది. పనిముట్టు మారింది గాని, దాన్ని దాచే పద్ధతి మాత్రం దానితో పాటు మారలేదు. కత్తిపీటకు ఏ ఇంట్లోనైనా ఒక మూల ఉండేది. చాకుకు అలాంటి మూల లేదు. సింకు పక్కన స్టీలు స్టాండులో గరిటెలు, అట్లకాడ, చెంచాల మధ్య మొన కిందికి పెట్టి దాన్ని పడేస్తున్నారు. లేదంటే సొరుగులో పీలర్, కత్తెర, సీసా మూత తీసే ఇనప ముక్కతో కలిపి తోసేస్తున్నారు.

చెయ్యి తెగకుండా ఉండటం ఒక సంగతి, పదును పోకుండా ఉండటం ఇంకో సంగతి అనిపిస్తుంది. కత్తి అంచు ఎలా పనిచేస్తుందో, ఎలా పాడవుతుందో చూస్తే ఆ రెంటికీ ఒకే చోటు సరిపోతుందని తెలుస్తుంది.

సంచి కోసినంత పని

రైతుబజారులో ఐదు కిలోల కూరగాయలు కొని, సన్నటి పిడి ఉన్న ప్లాస్టిక్ సంచిలో వేసుకుని బస్టాండు దాకా నడిచిన వాళ్లకు ఆ పిడి వేళ్లను ఎలా కోస్తుందో తెలుసు. అదే పిడి కింద తువ్వాలు మడత పెట్టుకుంటే బాధ తగ్గుతుంది. బరువు మారలేదు. ఆ బరువు పడే జాగా మారింది. జాగా తగ్గేకొద్దీ అంతే బరువు మరింత గట్టిగా నొక్కుతుంది. ఈ నొక్కుడునే భౌతికశాస్త్రం ఒత్తిడి అంటుంది.

కత్తి చేసేదంతా ఇదే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బాగా సాన పట్టిన అంచు మొనదేలిన చోట ఒక మైక్రాను కన్నా సన్నగా ఉంటుంది. చెయ్యి పెట్టే కాస్త బలమూ అంత సన్నటి గీత మీదే పడుతుంది కాబట్టి టమాటా తొక్క నలగకుండా తెగిపోతుంది. అంచు గుండ్రబడితే అదే బలం ఎక్కువ జాగా మీద పరుచుకుంటుంది. అప్పుడు చెయ్యి ఇంకా నొక్కాలి. నొక్కిన కత్తి ఉల్లిపాయ మీద నుంచి జారితే, ఆ బలమంతా పక్కనున్న వేలి మీదకు వెళుతుంది. మొద్దు కత్తి పిల్లల చేతికిచ్చినా పరవాలేదనుకోవడం అందుకే పొరపాటు. మొద్దుబారిన కత్తితో పని చేసేటప్పుడే చెయ్యి ఎక్కువ బలం పెడుతుంది, ఆ బలం ఎటు పోతుందో చేతికి పట్టుండదు.

ఇప్పుడు స్టాండులోని కత్తిని చూద్దాం. కత్తి బరువు 100 గ్రాములనుకుందాం. మొన కిందికి నిలబెడితే ఆ బరువంతా మొన ఆనిన చోటే పడుతుంది. ఆ చోటు చదరపు మిల్లీమీటరులో నూరో వంతు ఉందనుకుంటే, అక్కడి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 1000 కిలోల దాకా వస్తుంది. అరవై కిలోల మనిషి రెండు పాదాల మీద నిలబడితే నేల మీద పడేది చదరపు సెంటీమీటరుకు పావు కిలో కూడా ఉండదు. గరిటె కోసం స్టాండును కదిపినప్పుడల్లా ఆ మొన స్టీలు అడుగును గీరుతుంది, అంచు పక్కనున్న చెంచా కాడలకు తగులుతుంది. చూడటానికి కత్తి కదలకుండా నిలబడి ఉన్నట్టే ఉంటుంది.

ధనబోడు రాయి, గ్రానైటు గట్టు, పొణికి చెక్క

ఏది దేన్ని గీరుతుందో తేల్చడానికి జర్మన్ ఖనిజశాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో ఒక వరస కట్టాడు. అన్నిటికన్నా మెత్తనిది 1, వజ్రం 10. ఎక్కువ అంకె ఉన్నది తక్కువ అంకె ఉన్నదాన్ని గీరుతుంది. గట్టిపరచిన కత్తి ఉక్కు ఈ వరసలో సుమారు ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య నిలుస్తుంది.

జగ్గయ్యపేట వాళ్లకు ఈ వరసలో 3వ మెట్టు బాగా పరిచయం. ఊరి పక్కన ధనబోడు గుట్ట మీద 1882లో జేమ్స్ బర్జెస్ బౌద్ధ స్తూపాన్ని తవ్వించాడు. అక్కడ దొరికిన చెక్కుడు ఫలకాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. అవి సున్నపురాతివి. సున్నపురాయిలో ఉండే కాల్సైటు గట్టిదనం 3 మాత్రమే. ఉలి ముందు అది లొంగుతుంది కాబట్టే రెండు వేల ఏళ్ల నాటి శిల్పులు నగల పూసలూ వస్త్రాల మడతలూ అంత నాజూగ్గా తీయగలిగారు. ఈ ప్రాంతపు సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లోకి నేడు వెళుతున్నదీ సున్నపురాయే. పాత ఇళ్ల అరుగుల మీద పరిచిన నాపరాయీ ఈ జాతిదే. ఆ అరుగు మీద కత్తి రాస్తే గీత పడేది రాయికి.

గట్టు మీద పరిచే గ్రానైటు సంగతి వేరు. గ్రానైటులోని క్వార్ట్జ్ గట్టిదనం 7, ఫెల్డ్‌స్పార్‌ది 6. నల్ల గ్రానైటు పేరుతో అమ్మే రాయిలో క్వార్ట్జ్ పెద్దగా ఉండకపోయినా ఫెల్డ్‌స్పార్ దండిగా ఉంటుంది. అంటే కత్తి, గట్టు ఇంచుమించు సమఉజ్జీలు. సమఉజ్జీల పోరులో ఓడేది సన్నగా ఉన్నదే. ఒక మైక్రాను అంచు మూడు సెంటీమీటర్ల మందం రాయిని తాకితే అంచు పక్కకు మడత పడుతుంది, ఉక్కు మరీ పెళుసుగా ఉంటే చిన్న ముక్కగా రాలుతుంది. పింగాణీ పళ్లెం మీద నిమ్మకాయ కోసినా ఇంతే. స్టీలు సింకులో అంట్ల మధ్య కత్తి పడేసినా ఇంతే.

మరి అంచుకు పక్కన ఏం ఉండాలి? చెక్క. అందులోనూ మెత్తటి చెక్క. జపాన్‌లో వంట కత్తులకు చేసే చెక్క ఒరలకు మాగ్నోలియా జాతి చెట్టు కలప వాడతారు. అది తేలిక, మెత్తన, అంచుకు తగిలినా దాన్ని వంచదు. జగ్గయ్యపేట నుంచి విజయవాడ వెళ్లే దారికి దగ్గర్లోనే ఉన్న కొండపల్లిలో బొమ్మలు చెక్కే తెల్లపొణికి కూడా ఇలాంటి గుణమున్నదే. తేలికైనది, చేతి పనిముట్లకు సులువుగా లొంగేది. చెక్కే ముందు కళాకారులు దాన్ని సన్నటి సెగ మీద ఆరబెట్టి తేమ పోగొడతారు. ఆ చేతులే కత్తులకు ఒరలు కూడా చేస్తే వాటికి గిరాకీ ఉంటుంది. బొమ్మల కొలువు ఏడాదికోసారి, కత్తి రోజూ.

ఆవకాయ తర్వాత వచ్చే వాన

మే నెలలో మార్కెట్ల దగ్గర మామిడికాయలు కొట్టి ఇచ్చేవాళ్లు కూర్చుంటారు. చెక్కకు ఒక కొస బిగించిన బరువైన కత్తి, పిడి పట్టి ఒక్క దెబ్బ వేస్తే టెంకతో సహా కాయ రెండు ముక్కలు. అలాంటి కత్తి ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని అటక మీద నుంచి దించుతారు. పచ్చడి కలిపాక కత్తి కడిగి మళ్లీ అటకెక్కిస్తారు. మళ్లీ ఏడాదికి దించితే ఎర్రగా తుప్పు.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ కావాలి. మామిడికాయ పులుపు ఉక్కు మీది పలుచని రక్షణ పొరను కరిగిస్తుంది. అంతకన్నా మొండిది ఉప్పు. తడి గుడ్డతో పైపైన తుడిచిన కత్తి మీద ఉప్పు కంటికి కనపడకుండా మిగిలిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ గాలిలోని నీటినే తాగి తానే ద్రవంగా మారిపోతుంది. జూన్‌లో వానలు మొదలయ్యాక ఆ మాత్రం తేమ ఉండటం మామూలే. ఎవరూ నీళ్లు చల్లకపోయినా అటక మీది కత్తి అలా తడిసిపోతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు రాదు కదా అన్న సందేహం వెంటనే వస్తుంది. ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ 1913లో తయారుచేసిన ఈ ఉక్కులో క్రోమియం కలుపుతారు. కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటే ఉపరితలం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఒక పొర ఏర్పడి లోపలి ఇనుమును కాస్తుంది. గీత పడినా గాలి తగిలితే ఆ పొర తిరిగి కట్టుకుంటుంది. అయితే స్టెయిన్‌లెస్ అంతా ఒకటే రకం కాదు. మంచి రకం గిన్నెల స్టీలులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. ఆ ఉక్కును వేడిచేసి చల్లార్చి గట్టిపరచడం కుదరదు, కాబట్టి పదును నిలవదు. కత్తులకు వాడే ఉక్కులో కార్బన్ ఎక్కువ, క్రోమియం సుమారు 13 శాతం, నికెల్ దాదాపు లేనట్టే. పదును కోసం తుప్పును ఎదిరించే శక్తిలో కొంత వదులుకున్నారన్నమాట. ఉప్పునీటిలో రాత్రంతా నానితే స్టెయిన్‌లెస్ కత్తి మీద కూడా సూది గుచ్చినట్టు గుంటలు పడతాయి. అవి అంచు మీద పడితే అది రంపంలా మారుతుంది.

ఈ తేడాను ఇంట్లోనే చూడొచ్చు. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతాన్ని మంచి రకం స్టీలు గిన్నె మీద పెడితే జారి పడిపోతుంది. కత్తి మీద పెడితే పట్టుకుంటుంది. నికెల్ చేరిన ఉక్కు లోపలి అమరిక అయస్కాంతానికి లొంగదు, గట్టిపరచిన కత్తి ఉక్కు లొంగుతుంది.

పిడి గురించి కూడా ఒక మాట. చెక్క పిడి నీళ్లలో నానితే ఉబ్బుతుంది. మే ఎండలకు ఎండి ముడుచుకుంటుంది. ఏడాదికేడాది ఇలా జరిగితే చెక్కకూ లోపలి ఇనుముకూ మధ్య సందు పడి, నీరు అక్కడ చేరి, బయటకు కనపడని చోట తుప్పు తింటుంది. గుమ్మడికాయ కోసేటప్పుడు పిడి ఊడి చేతిలోకి వచ్చేది ఇలాంటి కత్తే.

చూరులో కొడవలి, గోడవైపు కత్తిపీట

తాటాకు ఇళ్ల కాలంలో పొలం నుంచి వచ్చిన మనిషి కొడవలిని చూరులో దోపేవాడు. ఆ ఒక్క పని ఎన్ని విధాల సరైనదో చూడండి. అంచు మెత్తటి తాటాకుల మధ్య దూరి ఉంటుంది, గట్టిది ఏదీ దాన్ని తాకదు. గాలి ఆడుతుంది కాబట్టి తడి ఆరుతుంది. పాకే బిడ్డకు, నడక నేర్చే బిడ్డకు అందదు. పైగా అందరికీ తెలిసిన చోటు. వెతకడానికి ఎవరూ చీకట్లో చెయ్యి పెట్టి తడమక్కర్లేదు.

కత్తిపీట నేల మీదే ఉండేది కాబట్టి దానికి నియమాలు మరీ గట్టివి. తరగడం అయ్యాక నిలబెట్టి వదిలేస్తే పెద్దవాళ్లు ఊరుకునేవారు కాదు. పక్కకు వాల్చి, అంచు గోడవైపు తిప్పాలి. మడత కత్తిపీట అయితే మడిచి గట్టు కిందికి తోయాలి. కత్తి అందివ్వబోతే, "చేతికివ్వకమ్మా, కింద పెట్టు, నేను తీసుకుంటా" అనేది అత్తగారు. చేతికి చేతికి ఇస్తే తగాదాలు వస్తాయని కారణం చెప్పేవారు. తగాదాల మాట ఎలా ఉన్నా, ఇద్దరి చేతులు ఒకే కత్తి మీద ఉన్న ఆ క్షణం నిజంగానే ప్రమాదం. ఒకరు పిడి వదిలారో లేదో ఇంకొకరికి తెలియదు. కింద పెట్టి తీసుకుంటే ఆ క్షణమే ఉండదు.

అయస్కాంత పట్టీ, చెక్క దిమ్మ, సొరుగు

కాంక్రీటు ఇంటికి చూరు లేదు. దాని బదులు బజారులో దొరికేవి మూడు నాలుగు రకాలు.

గోడకు బిగించే అయస్కాంత పట్టీ చూడటానికి అందంగా ఉంటుంది, కత్తి గాలికి ఆరుతుంది, అంచు దేనికీ తగలదు. దాని పట్టు అంతా అయస్కాంతం లాగే బలం, లోహాల మధ్య రాపిడి కలిసి చేసేది. అయస్కాంతం కత్తిని గోడవైపు లాగుతుంది, కిందికి జారకుండా ఆపేది రాపిడి. తాలింపు పొగలోని నూనె పట్టీ మీద పేరుకుంటే ఆ రాపిడి తగ్గుతుంది. మీటరున్నర ఎత్తు నుంచి జారిన కత్తి పాదం చేరడానికి అర సెకను పైన కొద్దిగా పడుతుంది, అప్పటికి దాని వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. చూసి చెయ్యి కదపడానికే మనిషికి పావు సెకను కావాలి. పడే కత్తిని పట్టుకోబోతే చేతికి అందేది అంచే. పాదం వెనక్కి తీసుకుని దాన్ని పడనివ్వడమే మంచిది. పట్టీ పెట్టేవాళ్లు దాన్ని పొయ్యికి, సింకుకు దూరంగా, స్క్రూలతో గోడలోకి బిగించాలి. అతికించే టేపు వంటింటి వేడికి, నూనెకు ఏదో ఒకనాడు వదిలేస్తుంది. కత్తిని పెట్టేటప్పుడు ముందు వీపు ఆనించి, తర్వాత పలకను వాల్చాలి. తీసేటప్పుడు వీపు ఆనించి ఉంచే అంచును ముందు లేపాలి. అంచుతోనే పట్టీకి టపామని కొడితే పట్టీ పెట్టిన ప్రయోజనమే పోయింది.

గంట్లు ఉన్న చెక్క దిమ్మ అంచును బాగా కాస్తుంది. లోపం లోపలే ఉంది. తడి కత్తి దూర్చితే ఆ గంట్లలోకి గాలి పోదు, కడగడానికి చెయ్యి పోదు, వానాకాలంలో బూజు పడుతుంది. కత్తిని పొడి గుడ్డతో తుడిచి, కాసేపు ఆరాక పెట్టే అలవాటు ఉన్న ఇంటికే అది పనికొస్తుంది. అంచు కిందికి ఆనే గంట్ల కన్నా అడ్డంగా ఉన్న గంట్లు మేలు, అప్పుడు కత్తి పక్కవాటున పడుకుంటుంది.

ఇక పిల్లల సంగతి. వంటగట్టు ఎత్తు మామూలుగా 80 నుంచి 85 సెంటీమీటర్లు. నాలుగేళ్ల బిడ్డ ఎత్తు సుమారు ఒక మీటరు, చెయ్యెత్తితే 120 సెంటీమీటర్లు దాటి అందుకుంటుంది. ముక్కాలి పీట లాక్కుంటే ఇంకా పైకి. అంటే గట్టు మీద ఉన్న స్టాండూ దిమ్మా రెండూ ఆ బిడ్డకు అందుబాటులోనే ఉన్నాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో గట్టు మీద కత్తి ఏ రూపంలోనూ ఉండకూడదు. అక్కడ సరైనది సొరుగే, దానికి పిల్లలు తీయలేని గడియ ఉండాలి. సొరుగులో కత్తులకు విడిగా ఒక అర, అందులో ప్రతి కత్తికీ ఒర. ఒర కొనక్కర్లేదు. పాత నోటుపుస్తకం గట్టి అట్టను కత్తి పొడవుకు మడిచి, మొన వైపు, అంచు వైపు టేపు వేస్తే చాలు. తడి తగిలి మెత్తబడితే పారేసి ఇంకొకటి చేసుకోవచ్చు. పిల్లలు లేని ఇంట్లో, చెయ్యి వణకని వాళ్లున్న ఇంట్లో అయస్కాంత పట్టీ బాగుంటుంది. ఒర లేకుండా సొరుగులో వేయడం, గరిటెల స్టాండులో నిలబెట్టడం, ఈ రెండూ ఏ ఇంటికీ తగవు.

అన్నిటికన్నా చెడ్డ చోటు సింకు. సబ్బు నురుగు కింద కత్తి కనపడదు. అంట్లు తోమడానికి వచ్చే ఆమె చెయ్యి పెట్టేది ఆ నురుగులోకే. తెగేది ఆమె వేళ్లు, ఆ వారం పోయేది నాలుగిళ్లలో ఆమె పని. కత్తిని వాడినవాళ్లే అప్పటికప్పుడు కడిగి, వీపు వైపు నుంచి గుడ్డతో తుడిచి, దాని చోట పెట్టడం ఆమెకు ఇవ్వాల్సిన మర్యాద. అది కత్తికీ మంచిదే. ఏడాదికోసారి వాడే మామిడికాయల కత్తికి, ఇనప కత్తిపీటకు బాగా ఆరాక పలుచగా కొబ్బరినూనె రాస్తే నీటికీ ఇనుముకూ మధ్య పొర ఏర్పడుతుంది.

ఎంత జాగ్రత్త పడ్డా ఎప్పుడో ఒకప్పుడు వేలు తెగుతుంది. కాఫీపొడి, సున్నం పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాం. వాటితో గాయంలోకి మురికి చేరుతుంది. పారే నీటి కింద కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఎత్తి చూడకుండా గట్టిగా నొక్కి పట్టాలి. అప్పటికీ రక్తం ఆగకపోయినా, వేలు వంగకపోయినా, స్పర్శ తెలియకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో కూడా అక్కడ చెప్పాలి.

విరిగిన బ్లేడు, పిడి ఊడిన కత్తి ఇంట్లో దాచినా ప్రమాదమే, చెత్త సంచిలో వేసినా ప్రమాదమే. ఆ సంచిని ఎత్తేది, చేత్తో వేరు చేసేది మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులు. అంచును మందపాటి అట్టలో చుట్టి, చుట్టూ టేపు వేసి, పైన "కత్తి" అని పెద్ద అక్షరాలతో రాసి పాత ఇనుము కొనేవారికి విడిగా ఇవ్వాలి.